గోల్‌పోస్టు కాసిన పల్లె బిడ్డ: ఎతిమరపు రజని హాకీ ప్రయాణం

సైనిక్‌పురిలో మేము కొందరు పరిశోధక విద్యార్థులం అప్పుడప్పుడు కలిసి కూర్చుని చదువుకుంటాం. ఒకసారి చర్చ ఆటలు, కులం వైపు మళ్లింది. భారత మహిళల హాకీ జట్టుకు ఆడిన తెలుగు అమ్మాయి పేరు ఒకటి చెప్పమని అడిగితే చాలామంది తలలు గోక్కున్నారు. పీవీ సింధు, సైనా నెహ్వాల్, మిథాలీ రాజ్ పేర్లు గడగడా చెప్పినవాళ్లే హాకీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. అది వాళ్ల తప్పు కాదు. మన పత్రికల క్రీడా పేజీలు ఎవరిని గుర్తుపెట్టుకోవాలని నేర్పాయో వాళ్లే గుర్తున్నారు. ఆ పేరు ఎతిమరపు రజని. చిత్తూరు జిల్లా పల్లె నుంచి బయల్దేరి భారత జట్టు గోల్‌కీపర్‌గా, హాకీ ఫైవ్స్ జట్టు కెప్టెన్‌గా ఎదిగిన క్రీడాకారిణి. ఆమె ప్రయాణాన్నీ, ఆమెతో కలిసి ఆడిన వందనా కటారియాకు ఎదురైన కుల దూషణనూ, ఆ రెండింటి నుంచి ఉద్యమకారులు, విద్యార్థులు తెలుసుకోవాల్సిన విషయాలనూ ఒకచోట చేర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందే ఒక మాట. రజని కులం ఏమిటో ఈ వ్యాసంలో ఉండదు. 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు రజత పతకం గెలిచినప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతోమంది గూగుల్‌లో వెతికింది ఆమె ఆటను కాదు, ఆమె కులాన్ని. ఆ సంగతి అప్పట్లో దేశమంతా వార్త అయింది. గెలిచిన పిల్ల మనవాళ్ల పిల్లేనా అని చూసుకునే ఆ చూపుకీ, ఓడినప్పుడు తక్కువ కులం వాళ్లు ఆడబట్టే ఓడామని తిట్టే నోటికీ మధ్య దూరం ఎంతో లేదు. రెండూ ఒకే చెట్టు కాయలు. కులం గురించి మాట్లాడటమంటే ఎవరిది ఏ కులమో ఆరా తీయడం కాదు. కులం ఎవరి దారిలో ఎలా అడ్డుపడుతుందో చూపించడం.

జిల్లా పరిషత్ బడి నుంచి

రజని 1990 జూన్ 9న పుట్టారు. ఊరు యనమలవారిపల్లె, యర్రావారిపాళెం మండలం. అప్పటి చిత్తూరు జిల్లాలోని ఈ మండలం 2022 జిల్లాల విభజన తర్వాత తిరుపతి జిల్లాలోకి వచ్చింది. తండ్రి వడ్రంగి పని చేసేవారు. రజని హాకీ కర్ర పట్టింది నెరబైలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. ఖరీదైన అకాడమీలో కాదు, క్లబ్బులో కాదు, సర్కారు బడి మట్టి మైదానంలో. ఆమె కథలో మేము మొదట గీత గీసి చూపించాలనుకునే విషయం ఇదే.

గోల్‌కీపర్ కావడమంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. మిగతా ఆటగాళ్లకు ఒక కర్ర, బూట్లు, కాలి పిక్కలకు రక్షణ ఉంటే ఆట మొదలుపెట్టవచ్చు. గోల్‌కీపర్‌కు హెల్మెట్, గొంతుకు రక్షణ పట్టీ, ఛాతీ కవచం, రెండు చేతులకు వేర్వేరు గ్లోవ్స్, మోకాళ్లు దాటే లెగ్ గార్డులు, పాదాలకు కిక్కర్లు కావాలి. గట్టి ప్లాస్టిక్ బంతి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. కవచం లేకుండా దాని ముందు నిలబడలేం. కూలి పని, చేతి పని మీద బతికే కుటుంబం ఆ సామానంతా సొంతంగా కొనలేదు. బడి కొనాలి, లేదా జిల్లా సంఘం కొనాలి. కొనే బడి ఉన్నచోట గోల్‌కీపర్ తయారవుతుంది. లేనిచోట ఎంత ప్రతిభ ఉన్నా ఆ పిల్ల గట్టు మీద కూర్చుని ఆట చూస్తుంది.

దీనికి ఒక చరిత్ర ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ మైదానం మీద ఆడించారు. అంతవరకు పతకం లేకుండా తిరిగిరాని భారత పురుషుల జట్టు ఆ ఏడు ఏడో స్థానంలో నిలిచింది. మట్టి మీద, గడ్డి మీద కర్ర ఉంటే చాలనుకున్న ఆట అప్పటి నుంచి కోట్ల రూపాయల ఆట అయింది. టర్ఫ్ నగరాలకు, పెద్ద సంస్థలకు వచ్చింది. పల్లెకు రాలేదు. అయినా దేశం తరఫున ఆడే మహిళల్లో ఎక్కువమంది పల్లె పిల్లలే. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోకుండా భారత మహిళల హాకీని అర్థం చేసుకోలేం.

రెండో గోల్‌కీపర్

రజని భారత జట్టులో ఉన్న కాలమంతా సవితా పునియా కాలం. హరియాణాకు చెందిన సవిత ప్రపంచంలోని అగ్రశ్రేణి గోల్‌కీపర్లలో ఒకరు. ఆమె ఉండగా రెండో గోల్‌కీపర్‌కు మైదానంలో దొరికే నిమిషాలు తక్కువ. ఫార్వర్డులు, డిఫెండర్లు ఒకే మ్యాచ్‌లో పదేపదే మారుతుంటారు. గోల్‌కీపర్ అలా మారడం అరుదు. అందుకే రెండో గోల్‌కీపర్ అందరితో సమానంగా శిక్షణ తీసుకుంటుంది, దెబ్బలు తింటుంది, ఇల్లు వదిలి నెలల తరబడి క్యాంపులో ఉంటుంది. కానీ ఆమె పేరు స్కోరు పట్టికలో కనిపించదు.

భారత రైల్వే ఉద్యోగిగా ఉంటూ రజని నిలబెట్టుకున్న స్థానం చిన్నది కాదు. 2017 నవంబర్‌లో జపాన్‌లోని కాకమిగహరలో భారత్ ఆసియా కప్ గెలిచింది. ఫైనల్‌లో చైనాతో 1-1తో సమమై, షూటౌట్‌లో 5-4తో నెగ్గింది. ఆ జట్టులో సవితతో పాటు రజని ఉన్నారు. 2018లో వరుసగా మూడు పెద్ద పోటీలకు ఆమె ఎంపికయ్యారు. గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో భారత్‌కు నాలుగో స్థానం. లండన్ ప్రపంచ కప్‌లో క్వార్టర్‌ఫైనల్, అక్కడ ఐర్లాండ్ చేతిలో షూటౌట్‌లో ఓటమి. జకార్తా ఆసియా క్రీడల్లో రజతం, ఫైనల్‌లో జపాన్ 2-1తో గెలిచింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో న్యూజిలాండ్‌ను షూటౌట్‌లో ఓడించి కాంస్యం గెలిచిన జట్టులోనూ ఆమె ఉన్నారు. ఆ క్రీడల్లో భారత మహిళలకు 16 ఏళ్ల తర్వాత వచ్చిన పతకం అది.

ఒలింపిక్స్ దగ్గర లెక్క మారుతుంది. ప్రపంచ కప్, ఆసియా క్రీడల వంటి పోటీలకు 18 మందిని తీసుకెళ్తే, ఒలింపిక్ జట్టును 16 మందితోనే ప్రకటించేవారు. అందులో ఒక్క గోల్‌కీపర్‌కే చోటు. 1980 మాస్కో తర్వాత 36 ఏళ్లకు, 2016లో భారత మహిళలు రియో ఒలింపిక్స్‌లో ఆడారు. ఆ జట్టుకూ, తర్వాత టోక్యో జట్టుకూ రజని ప్రత్యామ్నాయ గోల్‌కీపరే. సవితకు గాయమైతే బరిలోకి దిగాల్సింది ఆమే. అలా జరగలేదు. జరగకపోయినా ప్రతి రోజూ జరుగుతుందన్నట్టే సిద్ధపడి ఉండాలి. ఏళ్ల తరబడి ఆ సిద్ధపాటును నిలుపుకోవడాన్ని కొలిచే పట్టిక ఏ క్రీడలోనూ లేదు.

కెప్టెన్సీ మరో రూపంలో వచ్చింది. హాకీ ఫైవ్స్ అని చిన్న మైదానం మీద, జట్టుకు ఐదుగురితో, చుట్టూ పలకలు బిగించి వేగంగా ఆడే ఆట ఉంది. 2022 జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ పోటీకి భారత మహిళల జట్టును రజని నడిపించారు. 2024 జనవరిలో ఒమన్ రాజధాని మస్కట్‌లో మొట్టమొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్ జరిగినప్పుడు కూడా ఆమే కెప్టెన్. భారత్ ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి రజతంతో తిరిగి వచ్చింది. ఒక ప్రపంచ స్థాయి ఫైనల్‌లో భారత హాకీ జట్టుకు తెలుగు మహిళ నాయకత్వం వహించింది. ఈ వాక్యం మన పాఠ్యపుస్తకాల్లో ఉండదగినది.

సర్కారు మాట, సర్కారు చెల్లింపు

టోక్యో ఒలింపిక్స్ ముగిశాక 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనికి రూ.25 లక్షల నగదు ప్రోత్సాహకం ప్రకటించింది. తిరుపతిలో 1,000 చదరపు గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, నెలకు రూ.40 వేలు ఇస్తామంది. అదే సందర్భంలో గతంలో ప్రకటించి ఇవ్వకుండా ఆపిన రూ.67.50 లక్షల బకాయి కూడా విడుదల చేయాలని ఆదేశించింది.

ఈ చివరి అంకె దగ్గర మేము ఆగిపోయాం. కొత్త బహుమతి కంటే పాత బకాయే ఎక్కువ. సన్మాన సభలో ప్రకటించిన సొమ్ము ఏళ్ల తరబడి ఫైళ్లలోనే ఉండిపోయిందన్న మాట. ఏ పార్టీ ప్రభుత్వమన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పెద్దింటి క్రీడాకారుడికి ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైనా ఆట ఆగదు. వడ్రంగి కూతురికి ఆ సొమ్ము పౌష్టికాహారం, వైద్యం, అమ్మానాన్నల బతుకు. స్కాలర్‌షిప్ కోసం, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే మన విద్యార్థులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

అదే జట్టులో వందన

రజనితో ఒకే జట్టులో ఎన్నో పోటీలు ఆడిన ఫార్వర్డ్ వందనా కటారియా. ఉత్తరాఖండ్‌లోని హరిద్వార్ దగ్గర రోష్నాబాద్ ఆమె ఊరు. దళిత కుటుంబం. 1992 ఏప్రిల్ 15న పుట్టిన వందన 2013లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టు తరఫున అత్యధిక గోల్స్ కొట్టింది. 2021 మేలో, టోక్యోకు ముందు, ఆమె బెంగళూరు క్యాంపులో ఉండగా తండ్రి చనిపోయారు. ఆఖరి చూపుకు కూడా వెళ్లలేకపోయింది.

2021 జూలై 31న దక్షిణాఫ్రికాపై గెలిస్తేనే భారత్‌కు ఆశ మిగిలే మ్యాచ్‌లో వందన మూడు గోల్స్ కొట్టింది. భారత్ 4-3తో గెలిచింది. ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళ ఆమె. ఆగస్టు 2న గుర్జీత్ కౌర్ గోల్‌తో భారత్ 1-0తో ఆస్ట్రేలియాను ఓడించి మొదటిసారి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. ఆగస్టు 4న అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడింది.

ఆ సాయంత్రమే రోష్నాబాద్‌లో వందన ఇంటి ముందు ఆధిపత్య కులాల యువకులు టపాసులు కాల్చారు, చిందులేశారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిపోయారని కులం పేరుతో తిట్టారు. నాలుగు రోజుల కిందట ఆమె హ్యాట్రిక్ కొడితే దేశం బిడ్డ. సెమీఫైనల్ ఓడగానే ఊరి చివరి ఇంటి పిల్ల. కుటుంబం ఫిర్యాదుతో పోలీసులు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టి అరెస్టులు చేశారు. కెప్టెన్ రాణి రాంపాల్ ఇది సిగ్గుచేటని బహిరంగంగా ఖండించింది. ఆగస్టు 6న, అంటే ఆ అవమానం జరిగి రెండు రోజులు కూడా నిండకముందే, కాంస్య పతక పోరులో బ్రిటన్‌పై వందన మళ్లీ గోల్ కొట్టింది. భారత్ 4-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది.

వందన అక్కడితో ఆగలేదు. 2021లో అర్జున, 2022లో పద్మశ్రీ వచ్చాయి. 2023లో రాంచీలో 300 అంతర్జాతీయ మ్యాచ్‌లు పూర్తి చేసిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి అయింది. 2025 ఏప్రిల్ 1న ఆటకు వీడ్కోలు చెప్పేనాటికి 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. దళితులు ఎక్కువైనందుకే ఓడారన్న కూతకు ఈ రెండు అంకెలే జవాబు.

చట్టం ఏం చెబుతుంది

ఇలాంటి ఘటన మన ఊళ్లో జరిగితే ఏం చేయాలో కార్యకర్తలకు తెలిసి ఉండాలి. 1989 చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఆర్) కింద, ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని ప్రజలకు కనిపించే చోట కావాలని అవమానించడం, బెదిరించడం నేరం. సెక్షన్ 3(1)(ఎస్) కింద అలాంటి చోట కులం పేరుతో తిట్టడం నేరం. ఇక్కడ కీలకం ప్రజలకు కనిపించే చోటు అన్న మాట. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు, ఉత్తరాఖండ్ నుంచే వచ్చిన హితేష్ వర్మ కేసులో, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య జరిగిన దూషణ ఈ నిర్వచనంలోకి రాదని చెప్పింది. కానీ ఇంటి బయట, రోడ్డు మీది నుంచి కనిపించే ఆవరణ దాని కిందికి వస్తుందని 2008 నాటి స్వరణ్ సింగ్ తీర్పును గుర్తుచేసింది. వందన విషయంలో తిట్లు పడింది ఇంటి ముందు, నలుగురూ చూస్తుండగా. అందుకే ఫిర్యాదులో చోటు, సమయం, అక్కడున్న సాక్షులు ఎవరన్నది స్పష్టంగా రాయించాలి.

ఎఫ్‌ఐఆర్ నమోదుకు ముందస్తు విచారణ అవసరం లేదని 2018లో చేర్చిన సెక్షన్ 18ఏ చెబుతుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలని, 60 రోజుల్లో పూర్తి చేయాలని నిబంధనలు చెబుతున్నాయి. బాధితుల, సాక్షుల హక్కులు సెక్షన్ 15ఏలో ఉన్నాయి. అరెస్టుల రోజు కెమెరాలు వస్తాయి, ఛార్జిషీటు రోజు రావు. సంఘాలు నిలబడాల్సింది అప్పుడే.

ఈ జట్టు ఎవరిది

టోక్యోలో ఆడిన భారత మహిళల జట్టును ఒకసారి చూడండి. జార్ఖండ్ నుంచి నిక్కీ ప్రధాన్, సలీమా టెటె, ఒడిశా సుందర్‌గఢ్ నుంచి దీప్ గ్రేస్ ఎక్కా. ముగ్గురూ ఆదివాసీ బిడ్డలు. మిజోరం నుంచి లాల్‌రెమ్సియామి, మణిపూర్ నుంచి సుశీలా చాను. కెప్టెన్ రాణి రాంపాల్ తండ్రి బండి లాగి కుటుంబాన్ని పోషించారు. దేశంలో అట్టడుగున ఉన్న సమాజాలే ఈ జట్టుకు వెన్నెముక.

ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో భారత్‌కు మొదటి ఒలింపిక్ హాకీ స్వర్ణం వచ్చిన జట్టుకు కెప్టెన్‌గా వెళ్లింది జైపాల్ సింగ్ ముండా. ఖూంటీ ప్రాంతపు ఆదివాసీ. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు అయ్యారు. నిక్కీ ప్రధాన్‌దీ ఆ ఖూంటీ జిల్లాయే. ఆట మైదానం నుంచి రాజ్యాంగ సభ దాకా సాగిన ఆ నడకను హాకీ చరిత్ర చెప్పేటప్పుడు ఒక్క వాక్యంతో దాటేస్తారు.

మన దగ్గరికి వస్తే, హైదరాబాద్ నుంచి నందనూరి ముఖేష్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడారు. కంటోన్మెంట్ పక్కనే పెరిగిన సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, తిరుమలగిరి చుట్టుపక్కల పట్టాళ్లతో పాటు వచ్చిన ఆట హాకీ. ఇప్పుడు మా వీధుల్లో సాయంత్రం పిల్లల చేతుల్లో క్రికెట్ బ్యాట్లే కనిపిస్తాయి. మైదానాలు ఉన్నాయి, కానీ చాలావాటికి గేట్లు, ఫీజులు, కాపలా ఉన్నాయి. ఇళ్లలో పని చేయడానికి వచ్చే తల్లుల పిల్లలు ఆ గేటు బయటే ఆడుకుంటారు.

సర్కారు బడి తలుచుకుంటే ఏం చేయగలదో మనకు తెలుసు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లకు లేనిది ధైర్యం కాదు, అంతకుముందు ఎవరూ ఇవ్వనిది అవకాశం. నెరబైలు జిల్లా పరిషత్ బడి రజనికి ఇచ్చిందీ అదే.

మనం అడగాల్సినవి

మొదటిది, గురుకులాల్లో, జిల్లా పరిషత్ బడుల్లో హాకీ సామాను, ముఖ్యంగా గోల్‌కీపర్ కవచం, బడి ఆస్తిగా ఉండాలి. ఒక్క సెట్టు ఉంటే ఏళ్ల తరబడి ఎంతోమంది పిల్లలు వాడుకుంటారు. మా సైనిక్‌పురికి అట్టే దూరంలో లేని హకీంపేట క్రీడా పాఠశాల వంటి సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ బాలికలు ఎందరు చేరుతున్నారు, ఎందరు మధ్యలో మానేస్తున్నారు అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఈ పని విద్యార్థి సంఘాలు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

రెండోది, క్రీడాకారులకు ప్రకటించే ప్రోత్సాహకాలకు గడువు ఉండాలి. ప్రకటన తేదీ, చెల్లింపు తేదీ రెండూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనిపించాలి.

మూడోది, జాతీయ జట్టుకు ఆడుతున్నవారి కుటుంబాలపై కుల దూషణ జరిగితే క్రీడా సమాఖ్య ఖండనతో సరిపెట్టకూడదు. న్యాయ సహాయం ఇచ్చి, కేసు తేలేదాకా కుటుంబంతో ఉండాలి.

నాలుగోది మన చేతిలోనే ఉంది. మన సభల్లో, మన పోస్టర్ల మీద, మన పిల్లల నోటుపుస్తకాల అట్టల మీద ఈ పేర్లు రాయాలి. వందనా కటారియా. సలీమా టెటె. ఎతిమరపు రజని.

మా తర్వాతి సమావేశానికి ఇంటర్ చదివే ఒకమ్మాయి వచ్చింది. రజని గురించి విని, గోల్‌కీపర్‌కు మ్యాచ్‌లో చోటు రాకపోతే జీతం వస్తుందా అక్కా అని అడిగింది. నవ్వేశాం గానీ సరైన ప్రశ్న అది. ఆడించినా ఆడించకపోయినా, ఏళ్ల పాటు సిద్ధంగా నిలబడిన మనిషికి ఈ దేశం ఏమిస్తోంది? రజని తన వంతు నిలబడింది. జవాబు చెప్పాల్సింది ఇవతలి పక్షమే.